కొండపల్లి బొమ్మలు మెల్‌బోర్న్‌కి: ఇన్వాయిస్‌లో ‘బొమ్మ’ని ఏమని రాయాలి?

కొండపల్లి కోడలు

అందరికీ నమస్కారం. ఎక్స్‌పోర్ట్ కాగితాల సంగతి తెలిసినవాళ్ళు కాస్త ఓపిక చేసుకుని చదవండి. పోస్టు పెద్దదే.

మాది కొండపల్లి. మామయ్యగారు బొమ్మలు చేస్తారు, వాళ్ళ నాన్నగారిదీ అదే పని. నేను బీకామ్ చదివి ఈ ఇంటికి వచ్చాను కాబట్టి కాగితాలన్నీ నా నెత్తిన పడ్డాయి. ఇన్నాళ్ళూ హైదరాబాద్, బెంగళూరు షాపులకి పార్సిల్ వేయడమే తెలుసు. నిరుడు మెల్‌బోర్న్‌లో చిన్న షాపు నడిపే ఒక తెలుగాయన శాంపిల్‌గా ఒక దశావతారాల సెట్టు, ఒక అంబారీ ఏనుగు తెప్పించుకున్నారు. ఇప్పుడు సంక్రాంతి బొమ్మల కొలువుకి అమ్ముకోవడానికి ఒకేసారి 4,600 ఆస్ట్రేలియా డాలర్ల ఆర్డర్ ఇచ్చారు. ఇంట్లో అందరికీ సంతోషం, నాకు టెన్షన్.

దశావతారాల సెట్లు 40, అంబారీ ఏనుగులు 60, ఎడ్లబండ్లు 50, కల్లుగీత తాడిచెట్లు 80, పూరిగుడిసెలు 12, ఇంకా దంపుళ్ళ ఆడవాళ్ళు, కుమ్మరి, కంసాలి లాంటివి. మొత్తం 14 అట్టపెట్టెలు వస్తాయి. ఒక్కో పెట్టె 60×45×45 సెంటీమీటర్లు, బరువు 9 కిలోలు.

ఐఈసీ, అంటే ఎగుమతిదారు నంబర్, మామయ్యగారి పాన్ మీద ఉంది. జీఎస్టీ ఉంది. బ్యాంకు వాళ్ళు ఏడీ కోడ్ (ఎగుమతి డబ్బు తీసుకునే బ్రాంచి నంబర్) లెటర్ ఇచ్చారు, కస్టమ్స్ పోర్టల్ ఐస్‌గేట్‌లో రిజిస్టర్ కూడా అయింది. ఎల్‌యూటీ, అంటే జీఎస్టీ కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే హామీపత్రం, నిరుడు శాంపిల్ పంపినప్పుడు వేశాం.

ఇక నా సందేహాలు. ఇన్వాయిస్‌లో ‘కొండపల్లి టాయ్స్’ అని రాసి సీహెచ్‌ఏకి, అంటే కస్టమ్స్ కాగితాలు చూసే ఏజెంటుకి, పంపితే, ‘టాయ్సా, హ్యాండీక్రాఫ్ట్సా, ఏదో ఒకటి చెప్పండి మేడమ్, హెచ్‌ఎస్ కోడ్ దాన్ని బట్టే’ అన్నాడు. కస్టమ్స్‌లో ఏ సరుకుకి ఏ నంబరో చెప్పేదే ఆ కోడట. మామయ్యగారిని అడిగితే ‘బొమ్మని బొమ్మ అనక ఇంకేమంటారమ్మా’ అన్నారు. ఆయన మాటా నిజమే కదా.

కొరియర్ వాళ్ళు 9 కిలోల పెట్టెకి 24 కిలోల ఛార్జీ చెబుతున్నారు. మోసమా, రూలే అంతా?

అడ్వాన్స్ 1,380 డాలర్లు కొనేవారు మా ఆయన సేవింగ్స్ ఖాతాకి పంపేశారు. పరవాలేదా?

ప్యాకింగ్ మామూలుగా వరిగడ్డితోనే చేస్తాం. ఎడ్ల చెవులు, ఏనుగు తొండాలు విరక్కుండా గడ్డి పట్టుకున్నట్టు ఇంకేదీ పట్టుకోదని మామయ్యగారి నమ్మకం. పెట్టెలకని మా ఆయన పళ్ళ మార్కెట్ నుంచి వాడిన ఆపిల్ పెట్టెలు తెచ్చారు, మంచి గట్టిగా ఉన్నాయి. వీటి గురించి కూడా ఏమైనా కాగితం ఇవ్వాలా?

బెజవాడ కుర్రోడు

ఇంత గొడవెందుకండీ. ‘గిఫ్ట్’ అని రాసి నాలుగు కొరియర్లుగా విడగొట్టి పంపెయ్యండి. మా పిన్ని అమెరికాకి పచ్చళ్ళు అలాగే పంపుతుంది.

వైజాగ్ చెక్‌లిస్ట్

అమ్మా, నేను విశాఖలో ఒక కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులో డాక్యుమెంటేషన్ చూస్తాను. 19 ఏళ్ళయింది. రోజూ చూసేది రొయ్యలు, గ్రానైటే గానీ ఏటికొప్పాక లక్కబొమ్మల సరుకు కూడా నాలుగైదు సార్లు నా చేతుల మీదుగా వెళ్ళింది. అందుకే మీ పోస్టు చూసి ఆగాను.

ముందు పై తమ్ముడి సలహా పక్కన పెట్టండి. పిన్నిగారి పచ్చడి వేరు, డబ్బు తీసుకుని పంపే సరుకు వేరు. కొరియర్‌లో గిఫ్టులకీ శాంపిల్స్‌కీ సీఎస్‌బీ-4 అని ఒక ఫారం, అమ్మకం సరుకుకి సీఎస్‌బీ-5 అని వేరే ఫారం ఉన్నాయి. గిఫ్ట్ అని పంపిన సరుకుకి ఎగుమతి అయినట్టు లెక్క ఉండదు. మీ ఖాతాలో పడ్డ డాలర్లకి ఎదురుగా చూపించడానికి షిప్పింగ్ బిల్లు, అంటే కస్టమ్స్‌లో వేసే ఎగుమతి పత్రం, ఉండదు. రేపు జీఎస్టీ వాళ్ళు ‘ఈ అమ్మకం ఎక్కడ’ అంటే మీ దగ్గర సమాధానం ఉండదు. పోనీ అవతల దేశంలో ఒకే మనిషికి ఒకే వారంలో నాలుగు గిఫ్టులు వస్తే వాళ్ళకి అర్థం కాదా?

ఇప్పుడు బొమ్మ సంగతి. మామయ్యగారి మాట నూటికి నూరుపాళ్ళు నిజం. మనకి పిల్లాడు ఈడ్చుకు తిరిగేదీ బొమ్మే, కొలువులో మెట్టు మీద పెట్టేదీ బొమ్మే, గోడ మీద గీసేదీ బొమ్మే. కస్టమ్స్ టారిఫ్‌లో మాత్రం వీటికి వేరు వేరు ఇళ్ళు. పిల్లలు ఆడుకునేది 9503లోకి వెళ్తుంది. చెక్కతో చేసిన ప్రతిమలు, అలంకరణ వస్తువులు 4420లోకి వెళ్తాయి. మీ సీహెచ్‌ఏ అడిగిన ప్రశ్న సరైనదే, కాకపోతే ఎందుకు అడుగుతున్నాడో చెప్పి ఉంటే మీకీ టెన్షన్ ఉండేది కాదు.

ఏమిటి తేడా అంటే, ‘టాయ్స్’ అని రాసిన మరుక్షణం అవతలివాళ్ళు ఆ సరుకుని పిల్లల చేతిలోకి వెళ్ళేదిగా చూస్తారు. రంగులో సీసం ఎంత ఉంది? నోట్లో పెట్టుకుంటే ఊడి వచ్చే చిన్న ముక్కలున్నాయా? ఆస్ట్రేలియాలో బొమ్మల పూత రంగులో సీసం కిలోకి 90 మిల్లీగ్రాములు దాటకూడదు. దానికి టెస్ట్ రిపోర్ట్ కావాలి. మీ ఎడ్లబండి చక్రం ఊడి వస్తుంది, అంబారీ మీద మావటివాడు అతికించిన ముక్క. పిల్లల బొమ్మగా అది పరీక్షలో నెగ్గుతుందా అన్నది నాకు అనుమానమే.

కానీ ఒక మాట గట్టిగా చెబుతున్నాను. టెస్ట్ తప్పించుకోవడానికి పేరు మార్చమని కాదు నేను చెప్పేది. ఆ సరుకు నిజంగా ఏమిటో అదే రాయాలి. కొలువులో పెట్టుకునే దశావతారాలు అలంకరణ ప్రతిమలే, అందులో అబద్ధం లేదు. అయితే మీ కొనుగోలుదారు తన వెబ్‌సైట్‌లో ‘పిల్లలకి ప్లాస్టిక్ వద్దు, కొండపల్లి ఆటబొమ్మలు కొనండి’ అని పెట్టుకుంటే మీ ఇన్వాయిస్ ఏ మూలకీ పనికిరాదు. అందుకని ముందు ఆయనకి ఫోన్ చేసి, ఎవరికి, ఏమని అమ్ముతారో కనుక్కోండి. పిల్లలకే అంటే 9503 రాసి, టెస్ట్ చేయించి పంపండి. కొలువుకే అంటే ఇలా రాయండి: హ్యాండ్‌మేడ్ పెయింటెడ్ వుడెన్ డెకరేటివ్ ఫిగరిన్స్. ఇక ‘అసార్టెడ్’ అని ఒక్క ముక్కలో ముగించకుండా ఏనుగులకో వరస, ఎడ్లబండ్లకో వరస, ఎన్ని, ఒక్కోటి ఎంత అని విడివిడిగా రాయండి. 4420 తర్వాత మిగతా అంకెలు మీ సీహెచ్‌ఏ చూస్తాడు.

చెక్క పేరు తప్పకుండా రాయండి. మీది తెల్లపొణికి కదా, గైరోకార్పస్ అమెరికానస్ అని శాస్త్రీయ నామం కూడా వేయండి. మన వైపు నుంచి చెక్క వస్తువు అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఎర్రచందనం. దాని మీద సైటిస్ అనే ఒప్పందం (ముప్పులో ఉన్న మొక్కలు, జంతువుల వ్యాపారం గురించినది) కింద అంతర్జాతీయంగా కూడా ఆంక్షలున్నాయి. రంగేసిన చెక్క లోపల ఏముందో ఆఫీసర్‌కి పైకి కనబడదు. ఏం చెక్క అని అడక్కముందే కాగితం మీద ఉంటే ఒక పూట కలిసొస్తుంది.

కొరియర్ వాళ్ళది మోసం కాదమ్మా. మీ బొమ్మలు తేలిక, చోటు మాత్రం ఎక్కువ ఆక్రమిస్తాయి. 60×45×45ని 5,000తో భాగిస్తే 24.3. అదే వాళ్ళ బరువు. ఎయిర్ కార్గోలో 6,000తో భాగిస్తారు, 20.25 వస్తుంది. 14 పెట్టెలకి 283 కిలోల పైన కట్టాలి, ఉన్న బరువేమో 126. ఓడలో లెక్క వేరు. మొత్తం కలిపితే 1.7 ఘనపు మీటర్లు. ఎల్‌సీఎల్‌లో, అంటే పదిమంది సరుకుతో కలిపి ఒకే కంటైనర్‌లో వేస్తే చాలా చవక. బెజవాడ నుంచి మా విశాఖ పోర్టుకీ రావచ్చు గానీ ఇలాంటి చిన్న సరుకుల్ని కలిపి పంపే కన్సోల్ చెన్నైలో తేలిగ్గా దొరుకుతుంది. మధ్యలో ఇంకో పోర్టులో దించి ఎక్కిస్తారు కాబట్టి నెల పైనే వేసుకోండి. సంక్రాంతి సరుకు దసరా వెళ్ళగానే కదలాలి.

అడ్వాన్స్ విషయంలో పొరపాటు జరిగింది. ఐఈసీ మామయ్యగారిది, డబ్బు పడింది అబ్బాయి సేవింగ్స్‌లో. పైగా అలా వ్యక్తిగత ఖాతాకి వచ్చినప్పుడు బ్యాంకు దాన్ని కుటుంబ పోషణ కింద పి1301 అని నమోదు చేసి ఉంటుంది. మీకు కావలసింది పి0103, అంటే ఎగుమతికి ముందస్తుగా వచ్చిన డబ్బు. కోడ్ తప్పుగా ఉంటే రేపు షిప్పింగ్ బిల్లుకీ ఈ డబ్బుకీ ముడి పడదు, ఎగుమతి డబ్బు అందిందని చెప్పే ఈ-బీఆర్‌సీ రాదు. బ్యాంకులో మాట్లాడండి. నన్నడిగితే వెనక్కి పంపించి, మామయ్యగారి సంస్థ కరెంట్ ఖాతాకి ప్రొఫార్మా (సరుకు పంపకముందే ఇచ్చే) ఇన్వాయిస్ నంబర్ వేసి మళ్ళీ పంపించమనడమే శుభ్రం. రెండు సార్లు ఛార్జీలు పోతాయి, పోనివ్వండి.

ఎల్‌యూటీ నిరుడు వేశామన్నారు. అది ఆ ఆర్థిక సంవత్సరానికే, మార్చి 31తో అయిపోయింది. జీఎస్టీ పోర్టల్‌లో ఆర్‌ఎఫ్‌డీ-11 ఫారం మళ్ళీ వేయండి, పది నిమిషాల పని. వేశాక వచ్చే ఏఆర్‌ఎన్ నంబర్ ఇన్వాయిస్ మీద రావాలి.

ఇక గడ్డి. అమ్మా, గడ్డి తీసెయ్యండి. ఆపిల్ పెట్టెలు కూడా. సముద్రం మీద ఆస్ట్రేలియాకి వెళ్ళే సరుకుకి ప్యాకింగ్ డిక్లరేషన్ అని ఒక కాగితం మీ లెటర్‌హెడ్ మీద ఇవ్వాలి. అందులో మొదటి ప్రశ్నే నిషిద్ధ ప్యాకింగ్ వాడారా అని. గడ్డి, ఎండుగడ్డి, పొట్టు, వాడిన పళ్ళ పెట్టెలు, కూరగాయల పెట్టెలు అని పేర్లు పెట్టి మరీ రాసి ఉంటుంది. మీ ఇంట్లో ఉన్న రెండూ ఆ వరసలో ఉన్నాయి! కొత్త అట్టపెట్టెలు, ముక్కలు చేసిన కొత్త కాగితం, బబుల్ ర్యాప్ వాడండి. కింద చెక్క ప్యాలెట్ వేస్తే దాని మీద గోధుమ కంకి గుర్తున్న ఐఎస్‌పీఎమ్-15 ముద్ర ఉండాలి. పురుగు లేకుండా చెక్క లోపలిదాకా 56 డిగ్రీల వేడిని 30 నిమిషాలు పట్టించారనో, గ్యాస్ లాంటి ఇంకో ఒప్పుకున్న పద్ధతి వాడారనో దానర్థం. ప్లైవుడ్‌కి ఆ బాధ లేదు.

బొమ్మలు కూడా చెక్కే కాబట్టి వాటికి విడిగా షరతులుంటాయి. అవి వాళ్ళ బైకాన్ అనే వెబ్‌సైట్‌లో ఉంటాయి. మీరు చదివి తల పట్టుకోవద్దు. కొనేవారి బ్రోకర్‌ని అడిగి, ఫ్యూమిగేషన్ (పురుగు చావడానికి గ్యాస్ పట్టించడం) ఇక్కడే చేయించాలా, అక్కడ తనిఖీ సరిపోతుందా అని మెయిల్‌లో రాయించుకోండి. ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు. ఇక్కడ చేయించాల్సి వస్తే ఆస్ట్రేలియా వాళ్ళు గుర్తించిన ఏజెన్సీతోనే చేయించాలి. బొమ్మల్ని ముందే ప్లాస్టిక్‌లో బిగించి చుట్టేస్తే గ్యాస్ లోపలికి పోదు, అది కూడా చూసుకోండి.

చివరిగా నా పేరు సంగతి. షిప్పింగ్ బిల్లు వేసే ముందు అందులో వేయబోయే వివరాలన్నీ రాసి సీహెచ్‌ఏ మీకు చెక్‌లిస్ట్ పంపుతాడు. అందరూ సాయంత్రం ఆరింటికి ఫోన్‌లో చూసి ‘ఓకే’ అని కొట్టేస్తారు. మీరు ప్రింట్ తీసి, ఇన్వాయిస్ పక్కన పెట్టుకుని, స్కేలు పెట్టి వరస వరస చదవండి. తర్వాత మార్చాలంటే సెక్షన్ 149 కింద అర్జీ పెట్టుకోవాలి. సరుకు వెళ్ళిపోయాక అయితే ఎగుమతి నాటికే ఉన్న కాగితం ఆధారంగా తప్ప మార్చరు.

గుంటూరు ఘాటు

చెల్లెమ్మా, పైన ఆయన చెప్పినదానికి నాదో ముక్క. నేను ఎండుమిర్చి, కారం పంపుతుంటాను. నా రెండో షిప్‌మెంట్‌లో చెక్‌లిస్ట్ చూడకుండా ఓకే కొట్టిన మహానుభావుణ్ణి నేనే. రోడ్‌టెప్, అంటే ఎగుమతిదారుకి కొన్ని పన్నులు వెనక్కిచ్చే పథకం, కావాలా వద్దా అన్న చోట ‘రోడ్‌టెప్-వై’ బదులు ‘ఎన్’ పడింది. ఒక్క అక్షరం. ఎందుకంటే సీహెచ్‌ఏ వాళ్ళు ఇంకెవరిదో పాత ఫైల్‌ని కాపీ చేసి నా పేరు అతికించారు. తర్వాత దిద్దించుకోవడానికి తిరిగి తిరిగి తల ప్రాణం తోకకొచ్చి వదిలేశాను. మీది చిన్న ఇన్వాయిసే అయినా రావలసిన నాలుగు రూపాయలు ఎందుకు పోగొట్టుకోవాలి? డ్రాబ్యాక్ (కట్టిన సుంకం వెనక్కిచ్చేది) వరస కూడా ఉందో లేదో చూడండి.

ఇంకోటి, డాలర్ రేటు. ఇన్వాయిస్‌లో మీరు వేసుకున్న రూపాయల లెక్కకీ షిప్పింగ్ బిల్లులోని రూపాయలకీ తేడా వస్తే కంగారు పడకండి. కస్టమ్స్‌కి తన రేటు తనకుంటుంది. మీ బ్యాంకు ఇచ్చేది ఇంకో రేటు. నేను మొదటిసారి ఆ తేడా చూసి రాత్రంతా నిద్రపోలేదు.

యారా ఒడ్డు

నమస్తే అక్కా. నేను మీ కొనుగోలుదారుని కాదు గానీ నాదీ మెల్‌బోర్న్‌లో చిన్న పూజాసామగ్రి కొట్టు. గడ్డి గురించి వైజాగ్ అన్న చెప్పింది అక్షరాలా నిజం, నా జేబు సాక్షి.

మూడేళ్ళ క్రితం ఒక ఊరి నుంచి ఇత్తడి దీపపు కుందులు తెప్పించాను. పంపినాయన మంచివాడు, డిక్లరేషన్‌లో ‘నిషిద్ధ ప్యాకింగ్ లేదు’ అని సంతకం పెట్టాడు. ఆఫీసులో కూర్చుని సంతకం పెట్టింది ఒకరు, గోడౌన్‌లో ప్యాక్ చేసింది ఇంకొకరు. పెట్టె తెరిస్తే నాలుగు కుందుల మధ్య గుప్పెడు గడ్డి. గుప్పెడే! దాంతో మొత్తం సరుకుని ఇక్కడి క్వారంటైన్ అధికారులు ఒప్పుకున్న గోడౌన్‌కి తరలించి, ప్రతి పెట్టె విప్పి, గడ్డి నాశనం చేసి, మళ్ళీ కట్టారు. ఆ కూలీ, అద్దె, ఫీజులు అన్నీ నావే. లాభం మొత్తం అక్కడే ఆవిరైంది. అంతకంటే బాధ ఏంటంటే కార్తీకమాసం అయిపోయాక చేతికొచ్చాయి. కుందులు ఇంకెవరు కొంటారు?

కాబట్టి సంతకం పెట్టే ముందు మీరే పెట్టెల దగ్గర నిలబడండి. ఫొటోలు తీసి కొనేవారికి పంపండి.

ఇంకో విషయం, డ్యూటీ. సరుకు విలువ 1,000 డాలర్లు దాటింది కాబట్టి ఇక్కడ పూర్తి ఇంపోర్ట్ డిక్లరేషన్ వేయాలి, 10 శాతం జీఎస్టీ ఎలాగూ ఉంటుంది. కస్టమ్స్ డ్యూటీ మామూలుగా 5 శాతం. కానీ 2022 డిసెంబర్ 29 నుంచి మన రెండు దేశాల మధ్య ఎక్టా అనే వాణిజ్య ఒప్పందం అమల్లో ఉంది, దాని కింద సున్నా. ఆ సున్నా కావాలంటే సరుకు ఇండియాలో తయారైందని అక్కడ ఇచ్చిన సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ ఉండాలి. మామూలు సర్టిఫికెట్ చూపిస్తే ఇక్కడ పని జరగదు, ఎక్టా పేరు మీదున్నదే కావాలి. మీ ఆర్డర్ మీద 230 డాలర్లు. చిన్న కొట్టుకి అది పెద్ద సంగతే అక్కా, ఆయన అడగకపోయినా మీరే ఇస్తే మళ్ళీ ఆర్డర్ ఇస్తాడు.

కొండపల్లి కోడలు

అందరికీ చాలా చాలా థాంక్స్. ఇన్ని వివరాలు ఎవరూ ఒక్కచోట చెప్పలేదు.

కొనుగోలుదారుతో మాట్లాడాను. కొలువుకీ, ఇంట్లో షోకేస్‌కీ మాత్రమే అమ్ముతానన్నారు, మెయిల్ కూడా పెట్టారు. వైజాగ్ అన్నయ్య రాసినట్టే ఇన్వాయిస్ మార్చాను. ఎల్‌యూటీ వేసేశాను. అడ్వాన్స్ వెనక్కి వెళ్ళి కరెంట్ ఖాతాకి తిరిగి వచ్చింది, మేనేజర్ గారు పి0103 అని చూపించారు. ఎక్టా సర్టిఫికెట్‌కి డీజీఎఫ్‌టీ (కేంద్రం విదేశీ వాణిజ్య విభాగం) సైట్‌లో అప్లై చేస్తుంటే ఖర్చుల షీటు అడిగింది. చెక్క ఎంత, రంగు ఎంత, కూలీ ఎంత అని. మామయ్యగారి కూలీ ఎంత వేయాలో ఈ ఇంట్లో ఎప్పుడూ ఎవరూ లెక్కేయలేదట. అరుగు మీద ఆయన పక్కన కూర్చుని, ఒక ఏనుగుకి ఎన్ని గంటలు పడుతుందో గడియారం పెట్టి చూశాను. ఆ సంగతి ఇంకోసారి.

గడ్డి తీయడానికి మాత్రం ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది. చివరికి నేను కాగితం ముక్కల్లో ఒక ఎడ్లబండి పెట్టి పెట్టెని మెట్ల మీంచి దొర్లించాను. చెవులు విరగలేదు. ‘సరే కానీ’ అన్నారు.

అంతా అయిందనుకుని నిన్న రాత్రి తొమ్మిదో పెట్టె సర్దుతుంటే గుండె జారిపోయింది. పూరిగుడిసెలు ఉన్నాయి కదా, 12. గోడలు చెక్కే, కానీ పైకప్పు నిజం గడ్డి! సన్నగా కత్తిరించి, చింతగింజల పిండితో అతికిస్తారు. ఇది ప్యాకింగ్ కాదు, బొమ్మలో భాగం. దీనికీ అదే రూలా? రంగు కూడా వేసి ఉంది.

వైజాగ్ చెక్‌లిస్ట్

భలే పట్టుకున్నావమ్మా. నాకు తట్టలేదు, మీ పోస్టులో పూరిగుడిసెలు అని రాసి ఉన్నా ‘పూరి’ అన్న మాట మీద నా కన్ను పడలేదు.

డిక్లరేషన్‌లో అడిగేది ప్యాకింగ్ గురించే, అది నిజం. కానీ గడ్డితో చేసిన వస్తువు అంటే అది ఇంకో సరుకు, దానికి ఇంకో షరతులు. పెట్టె విప్పినవాడికి కనబడేది గడ్డే. పన్నెండు గుడిసెల కోసం మిగతా పదమూడు పెట్టెల్ని పణంగా పెట్టకండి. ఈసారికి దించెయ్యండి.

దించారంటే కాగితాలన్నీ మళ్ళీ రాయాలి, మర్చిపోవద్దు. ఇన్వాయిస్‌లో ఆ వరస తీసేయాలి, మొత్తం మారాలి. ప్యాకింగ్ లిస్టులో తొమ్మిదో పెట్టె లోపలి లెక్క, నెట్ బరువు, గ్రాస్ బరువు మారాలి. ఆరిజిన్ సర్టిఫికెట్ అప్లికేషన్‌లో పాత మొత్తం ఉంటే అదీ మార్చాలి. ఇన్వాయిస్ మారిస్తే తేదీ, నంబర్ కూడా కొత్తవి వేసి, పాతదాన్ని రద్దు చేసి పక్కన పెట్టండి. ఒకే నంబర్‌తో రెండు ఇన్వాయిస్‌లు తిరుగుతుంటే మీరు ఒకటి, సీహెచ్‌ఏ ఇంకొకటి పట్టుకుని కూర్చుంటారు. నేను నా కళ్ళతో చూసిన గొడవల్లో సగం ఇవే.

బీఎల్ (ఓడవాళ్ళు సరుకుకి ఇచ్చే రసీదు) డ్రాఫ్ట్ వచ్చినప్పుడు కొనేవారి పేరు అక్షరం అక్షరం చూడండి. వాళ్ళ సంస్థ పేరు చివర ‘పీటీవై లిమిటెడ్’ ఉంటే అది కూడా ఉండాలి. ఓడ సరుకుల జాబితా, అంటే మానిఫెస్ట్‌లోకి వెళ్ళాక మార్పుకి వేరే ఛార్జీ.

కొండపల్లి కోడలు

మూడు వారాల తర్వాత మళ్ళీ వచ్చాను, చెప్పకుండా ఉండలేక.

గుడిసెలు దించేశాం. ఒక్కోటి 15 డాలర్లు, 180 తగ్గి మొత్తం సరిగ్గా 4,420 అయింది. మా హెచ్‌ఎస్ శీర్షిక కూడా 4420 కావడంతో మా ఆయన లాటరీ నంబర్ దొరికిందన్నారు. సీహెచ్‌ఏ మాత్రం ‘విలువ గడిలో కోడ్ వేశారా మేడమ్’ అని రెండుసార్లు ఫోన్ చేశాడు.

చెక్‌లిస్ట్ ప్రింట్ తీసి స్కేలు పెట్టి చదివాను అన్నయ్యా. ఎడ్లబండ్లు 50కి బదులు 60 అని ఉంది. రోడ్‌టెప్ ‘వై’ సరిగానే ఉంది, గుంటూరు అన్నకి నమస్కారం. బీఎల్ డ్రాఫ్ట్‌లో మీరన్నట్టే ‘పీటీవై’ లేదు. పెట్టించాను.

చెన్నైలో సరుకు చూసినప్పుడు సీహెచ్‌ఏ మనిషి వీడియో కాల్ చేశాడు. ఆఫీసర్ ఒక అంబారీ ఏనుగుని చేతిలోకి తీసుకుని బోర్లించారు. అడుగున రంగు వేయం కదా, తెల్లటి చెక్క కనబడింది. గోరుతో గీకి చూసి, ఇన్వాయిస్‌లో చెక్క పేరు చదివి, ఇంత తేలికేమిటి అన్నారట. అంతే. సాయంత్రానికి ఎల్‌ఈఓ, అంటే ఎగుమతికి కస్టమ్స్ అనుమతి, వచ్చింది. ఓడ మొన్న బయల్దేరింది. ఇక ఫ్యూమిగేషన్ సంగతి, వాళ్ళ బ్రోకర్ మెయిల్‌లో కావాలనే రాశాడు, ఆ సర్టిఫికెట్, ప్యాకింగ్ డిక్లరేషన్, ఎక్టా సర్టిఫికెట్ అన్నీ ఒకే మెయిల్‌లో పంపాను. యారా ఒడ్డు తమ్ముడూ, పెట్టెల ఫొటోలు కూడా.

మిగిలిపోయిన 12 గుడిసెలు అరుగు మీదే ఉన్నాయి. మామయ్యగారు వాటి జోలికి వెళ్ళకుండా నాలుగు రోజులు ఏదో పని చేసుకున్నారు. ఇవాళ పొద్దున ఒక కొత్త గుడిసె తెచ్చి నా లాప్‌టాప్ పక్కన పెట్టారు. కప్పు కూడా చెక్కే. మీద రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపిన మక్కు పట్టించి, ఆరకముందే దువ్వెనతో గీతలు లాగారు. పసుపు రంగు వేస్తే అచ్చం గడ్డిలాగే ఉంది. ‘దీన్ని ఏమని రాస్తావో చూసుకో’ అని టీ తాగడానికి వెళ్ళిపోయారు.